తీరిగ్గా జరిగిన పెళ్లి

పెళ్లి ఫోటోల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మదనపల్లెలో ఎక్కడైనా నన్ను గుర్తుపడితే ఒకే సంగతి అడుగుతారు. "అన్నా, ముహూర్తానికి ముందే ఫోటోలన్నీ అయిపోయేటట్టు ప్లాన్ రాసే పద్ధతి మీదే అంట గదా. రవ్వంత మాకూ సెప్పన్నా." నేను నవ్వి, వెన్నునొప్పి వల్ల పని మానేశాననీ, పాత సంగతులు మరిచిపోయాననీ చెప్పి తప్పుకునేవాడిని. నాకు వెన్నునొప్పి లేదు. పాత సంగతులు మరిచిపోలేదు. ఆ పద్ధతి నాదే అన్న మాట మాత్రం నిజం.

ఇప్పుడది అందరిదీ అయింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులో అన్యాయం జరిగిన మనిషిని అడిగితే, "పేర్లు లేకుండా రాసుకో, కానీ ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు. అందువల్ల నన్ను కొంచెం మంచివాడిగా చూపించుకునే వీలు కూడా ఇందులో లేదు.

నేను పని నేర్చుకున్న రోజుల్లో పెళ్లిలో ఫోటోలవాడికంటూ సమయం ఉండేది కాదు. కన్యాదానంలో ధార పోసే చేతులు తీయాలంటే పూజారి భుజం మీదుగా వంగాలి. తాళి కట్టేటప్పుడు ఎవరో ఒక పెద్దమ్మ కెమెరాకు అడ్డంగా నిలబడి అక్షింతలు వేస్తుంది. భోజనాలయ్యాక కుటుంబమంతా కలిసి ఒక ఫోటో అనుకుంటే, అప్పటికి సగం మంది బస్సెక్కి ఉంటారు. మిగిలినవాళ్ల చీరల మీద సాంబారు మరకలు ఉంటాయి. పెళ్లికూతురి తండ్రి ఎక్కడో వంటపాత్రల లెక్క చూసుకుంటూ ఉంటాడు. ఆల్బం ఇచ్చాక వాళ్లే వచ్చి, "మా నాయన ఫోటో ఒక్కటీ సక్కగా లేదే" అని మమ్మల్ని తిట్టేవాళ్లు.

అందుకని నేనొక ఏర్పాటు మొదలుపెట్టాను. పెళ్లి ఒప్పుకోగానే ఇంటికి వెళ్లి, పూజారిని, వంటవాళ్లను, అలంకరణవాళ్లను అడిగి, ఆ రోజంతా ఎలా నడవాలో రాసిచ్చేవాడిని. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఖాళీ వదిలేవాడిని. బట్టలు నలగకముందే, ముఖాలు వాడకముందే ఫోటోలు తీసేయడం, ఆ తర్వాత ముహూర్తం, ఆ తర్వాత అందరూ కూర్చుని తినడం. దానికి 'తీరిక పెళ్లి' అని నేనే పేరు పెట్టాను. జనానికి బాగా నచ్చింది. పుంగనూరు నుంచి కుప్పం దాకా నన్ను పిలిచేవాళ్లు.

నాతో వీడియో తీసే ఆయన ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్ద. నా ప్లాన్ చూసినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. "నీ ప్లాన్లో దేవునికి టైమిచ్చినావు, పూలాయప్పకు టైమిచ్చినావు, పెండ్లికొడుకు మీసం దువ్వుకునేదానికి గూడా ఇచ్చినావు. మన టిఫిన్‌కు యాడ ఇచ్చినావప్పా?" అనేవాడు. నిజమే, నేనెప్పుడూ రాయలేదు. పెళ్లి రోజు మేము తెల్లారకముందే బయల్దేరి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా పనిచేసేవాళ్లం. అదొక గొప్పగా చెప్పుకునేవాడిని కూడా.

ఆ పెళ్లి పుంగనూరులో జరిగింది. పెళ్లికూతురి తండ్రి పాల కేంద్రం నడిపేవాడు. తెల్లటి చొక్కా, నెమ్మదైన మాట. కూతురు మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఉద్యోగం చేసేది. పెళ్లికొడుకుది కుప్పం. మొదటిసారి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయే మాట మొదలుపెట్టింది.

"అన్నా, మా పెదనాయన కూతురి పెండ్లిలో అందరూ పరిగెత్తేదే సరిపోయింది. వాళ్ల నాయన పక్కన అది కూర్చోనుండే ఫోటో ఒక్కటీ లేదు. నా పెండ్లి అట్ల వద్దన్నా. మా నాయన పక్కన నెమ్మదిగా కూర్చోని, ఇద్దరమూ నవ్వతా ఒక ఫోటో కావాల. అంతే."

పూజారి రెండు ముహూర్తాలు చెప్పి ఉన్నాడు. ఒకటి తెల్లవారుజామున, ఇంకొకటి ఎండ బాగా ఎక్కాక. ఇంట్లో అప్పటికింకా ఏదీ తేలలేదు. నా అభిప్రాయం అడిగారు. ఫోటోలవాడిని ముహూర్తం గురించి అడగడమేమిటని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు గర్వంగా అనిపించింది.

"ముహూర్తం మీ ఇష్టం. నేను చెప్పేది వెలుతురు సంగతి. తెల్లారుజామున అయితే ఫోటోల్లో అన్నీ నిద్రముఖాలే. రెండోది పెట్టుకుంటే ముందు కావలసినంత తీరిక దొరుకుతుంది" అన్నాను.

గడప దగ్గర నిలబడి ఉన్న మనిషి ఒకడు వెంటనే అడ్డుపడ్డాడు. ఆయన పెళ్లికూతురి మేనమామ. మదనపల్లె టమోటా మండీలో పని. సొంత అక్క ఇంట్లో ఏ పని జరిగినా ముందుండే మనిషి. బావను నెలనెలా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేది కూడా ఆయనే.

"అట్ల కాదప్పా. మా బావకు సుగరు ఉండాది. పొద్దున లేస్తానే సూది ఏసుకుంటాడు. ధార పోసేదాకా పస్తుండాల గదా. తెల్లారుజాము ముహూర్తమైతే ధార పోసేసి ఇంత తినేస్తాడు. ఎండెక్కిందాకా అంటే యాడ తట్టుకుంటాడు?"

కన్యాదానం చేసే తల్లిదండ్రులు ధార పోసేవరకు నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదని ఆ ఇంట్లో పట్టింపు. మా వైపు చాలా ఇళ్లలో ఉన్నదే.

తండ్రి నవ్వాడు. "వొరేయ్, కూతురి పెండ్లి రోజు ఒక పూట పస్తుండలేని నాయన యాడైనా ఉండాడా? పాప అడిగింది ఒక ఫోటో. ఇంగేమన్నా నగలడిగిందా, నట్రడిగిందా? రెండో ముహూర్తమే కానీలే."

"సూది ఆ పొద్దుకు మానుకో, అయితే" అన్నాడు మేనమామ.

"నువ్వు డాక్టరు ఎప్పుడైనావురా?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఆ మాట కొట్టుకుపోయింది. అమ్మాయి తండ్రి వైపు చూసి తృప్తిగా తలూపింది. నేను ప్లాన్ రాసిచ్చాను.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ప్లాన్‌లో తీరిక అని రాస్తే సరిపోదు. ఆ తీరికను ఎవరో ఒకరి దగ్గర నుంచి తీసుకోవాలి. నేను ఆ రోజు రాసుకున్న తీరికంతా ఆకలితో కూర్చున్న ఒక మనిషి దగ్గర తీసుకున్నాను. కాగితం మీద అది ఎంత అందంగా ఉందో చెప్పలేను.

పెళ్లి రోజు పొద్దున అంతా నేను అనుకున్నట్టే మొదలైంది. మంటపం తూర్పు కిటికీల నుంచి వెలుతురు పల్చగా పడుతోంది. అలంకరించిన కుర్చీల్లో తండ్రీకూతుళ్లను కూర్చోబెట్టాను. అమ్మాయి ఏదో చెవిలో చెప్పింది. ఆయన తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఆ ఫోటో నేను తీసిన మొదటి నిమిషాల్లోనే వచ్చేసింది. అక్కడితో ఆయన్ను లేపి, లోపలికి వెళ్లి పడుకోమని చెప్పి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

కానీ ఖాళీ ఉందని తెలిస్తే జనం దాన్ని నింపేస్తారు. "ఎట్లా కూర్చోనే ఉండారు గదా, మేమూ ఒకటి దిగుతాము" అని ఒక గుంపు వచ్చింది. పాల కేంద్రం వాళ్లు వచ్చారు. వెంకటగిరికోట నుంచి వచ్చిన చుట్టాలు వచ్చారు. పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు తయారై రావడం ఆలస్యమైంది. వాళ్లు వచ్చేదాకా రెండు కుటుంబాల ఫోటో ఆగింది. నా రెండు పెద్ద లైట్లు ఆయన ముఖం మీద వెలుగుతూనే ఉన్నాయి. లేచిన మనిషిని మళ్లీ పట్టుకురావడం కష్టం కనుక, "ఇంకొక్క గుంపు సార్, అయిపోయింది" అంటూ నేనే ఆయన్ను కూర్చోబెట్టాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ప్రతిసారీ ఆయన సరేనని తలూపాడు. చివరికి తలూపడం కూడా మానేసి ఊరికే నావైపు చూశాడు. ఆయన నుదుటి మీద చెమటను మేకప్ అమ్మాయి చేత రెండుసార్లు తుడిపించాను. చెమట ఎందుకు పడుతోందని నేను అడగలేదు. లైట్ల వేడి అనుకున్నాను.

ఆ సమయంలో మేనమామ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో స్టీలు గ్లాసు నిండా కాఫీ. వంగి, అక్కకు వినపడకుండా బావ చెవిలో అన్నాడు. "బావా, సేతులు వణకతాండాయి సూడు. ఒక్క గుక్క తాగు. ఎవురికీ తెలీదు. పాపమొస్తే నాకే రానీ."

ఆయన చేయి చాచాడు. అది నేను చూశాను. వేళ్లు గ్లాసు దాకా వచ్చాయి.

పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు సరిగ్గా అప్పుడే మెట్లెక్కారు. పట్టుపంచె మీద కాఫీ ఒలికితే అంతా పాడవుతుందని నాకు భయం. "ఒక్క నిమిషం, తర్వాత ఇద్దాం" అని మేనమామ చేతిలోంచి గ్లాసు నేను తీసుకున్నాను. ఆయన ఏదో అనబోయాడు. అమ్మాయి అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లి ఉంది. అంతలో అక్కడి నుంచి పిలుపు వచ్చింది. పెళ్లికూతురిని చేయి పట్టి మంటపానికి తీసుకురావలసింది మేనమామే. పూజారి తొందరపెడుతున్నాడు. "మరిచిపోవద్దప్పా, ఇయ్యి ఆయనకు" అని నాతో చెప్పి పోయాడు.

నేను ఆ గుంపును తీశాను. ఇంకో గుంపును తీశాను. గ్లాసు ఒక చేతిలో ఉంటే కెమెరా నిలవదు. లైటు స్టాండు వెనక్కి వెళ్లాను. తెల్లారకముందు నుంచీ నా కడుపులో ఏమీ లేదు. కాఫీ వేడి ఇంకా పోలేదు. ఏమీ ఆలోచించలేదు. రెండు గుక్కల్లో తాగేశాను. తర్వాత ఆయనకు ఇంకొకటి తెప్పిద్దామని అనుకున్నాననుకోండి, అది కూడా తర్వాత నేను కల్పించుకున్నదేమో. ఖాళీ గ్లాసు ఫోటోలో పడకుండా ఆయన కుర్చీ కింద, వేలాడే గుడ్డ వెనక పెట్టాను.

ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. పీటల మీద కూర్చున్నారు. తల్లి చెంబుతో నీళ్లు పోస్తోంది. తండ్రి రెండు చేతులూ అల్లుడి చేతుల కింద ఉన్నాయి. ఆ చేతులు మెల్లగా విడిపోయాయి. ఆయన పక్కకు ఒరిగాడు. మంటపం మెట్టు అంచు తలకు తగిలింది. ఆ చప్పుడు మేళంలో కూడా వినిపించింది.

మేనమామ ఆయన్ను ఎత్తుకుని కారులో వేసుకుని మదనపల్లె ఆసుపత్రికి పోయాడు. తల్లి వెనకే ఏడుస్తూ పోయింది. ముహూర్తం దాటిపోకూడదని చిన్నాయనను కూర్చోబెట్టి ధార పోయించారు. అమ్మాయి తల వంచుకుని, కళ్ల కాటుక కారిపోతూ తాళి కట్టించుకుంది. అది కూడా నేను తీశాను. తీయొద్దని ఎవరూ అనలేదు. నాకై నాకు ఆపాలని తోచలేదు.

కుర్చీలు తీసేటప్పుడు గ్లాసు దొరికింది. అడుగున కాఫీ మరక ఉంది. వంటమనిషిని అడిగారు. మేనమామ తీసుకుపోయాడని ఆమె చెప్పింది. అంతే. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. ధార పోయకముందే బామర్ది కాఫీ తాగించాడు, పట్టింపు చెడింది, పీటల మీదనే మనిషి పడిపోయాడు.

మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్లాను. ఆయనకు తెలివి రాలేదు. సూది వేసుకుని ఏమీ తినక ఒంట్లో చక్కెర పూర్తిగా పడిపోయిందనీ, తలలో రక్తం గడ్డకట్టిందనీ డాక్టరు చెప్పాడట. వరండాలో బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది. చుట్టూ చుట్టాలు. మేనమామ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా మీద బావ రక్తం అట్లాగే ఉంది.

"ఎందుకు చేసినావురా ఆ పని?" అని అడుగుతోంది అక్క.

"ఆయన తాగలేదక్కా. నీ మీద ఒట్టు. తాగలేదు. రెండు సెంచాలు సక్కెర ఏయించినాను. అది తాగుంటే పడేవాడే కాదు."

చుట్టాల్లో ఒక పెద్దామె అందుకుంది. "ఆ ఇంట్లో ఆయన కాఫీలో సక్కెర ఎన్నడేసినారురా? గ్లాసు ఖాళీగా దొరికితే తాగలేదంటావే. మరి దయ్యం తాగిందా?"

అప్పుడు మేనమామ నన్ను చూశాడు. ముఖంలో ప్రాణం వచ్చింది. "ఇదో, ఫోటో అప్ప వచ్చినాడు. గ్లాసు ఈయనే నా సేతిలోంచి తీసుకున్నాడు. అడగండి. అప్పా, నువ్వన్నా సెప్పప్పా."

అందరూ నావైపు తిరిగారు. తల్లి కూడా తల ఎత్తింది. ఒక్క మాట చెప్పాలి. గ్లాసు నేను తీసుకున్నాను. ఆయన తాగలేదు, నేను తాగాను. ఆ మాట నాలుక దాకా వచ్చింది. రెండో ముహూర్తం మంచిదన్నది ఎవరు, ఆయన్ను లైట్ల ముందు కూర్చోబెట్టింది ఎవరు అన్నవి దాని వెనకే వస్తాయి. అవి వస్తే నా తీరిక పెళ్లి పని ఆ రోజుతో ఆఖరు.

"ఆ హడావిడిలో నేను గమనించలేదమ్మా" అన్నాను.

మేనమామ అరవలేదు. నన్ను తిట్టలేదు. కొంచెంసేపు చూసి తల దించుకున్నాడు. అంతకంటే తిట్టి ఉంటేనే బాగుండేది.

పదహారు రోజుల పండగ రాకముందే పెళ్లికూతురి తండ్రి పోయాడు. కర్మలకు వచ్చిన తమ్ముడితో అక్క అందరి ముందు అన్నదట, "నా గడప తొక్కద్దు" అని. పాల కేంద్రం మూసేశారు. తల్లి కూతురితో కుప్పం వెళ్లిపోయింది. కూతురు కూడా మేనమామతో మాట్లాడడం మానేసింది. ఇవన్నీ నాకు ఆల్బం ఇవ్వడానికి వెళ్లినప్పుడు తెలిశాయి. ఆ తండ్రీకూతుళ్ల ఫోటోలోంచి తండ్రిని మాత్రం తీసి పెద్దది చేయించమన్నారు. దండ వేయడానికి. నుదుటి మీద అప్పటికే పట్టిన సన్నటి చెమటను కంప్యూటరులో నేనే చెరిపి ఇచ్చాను.

వీడియో తీసే ఆయన అప్పుడే నన్ను అడిగాడు. ఇద్దరమూ స్టూడియోలో కూర్చుని ఉన్నాం.

"ఆ పొద్దు లైటు యెనకాల నువ్వు తాగినావే, అదేంది?"

"కాఫీ."

"ఎవురిచ్చినారు?"

నేను లెన్సు తుడవడం మొదలుపెట్టాను.

"ఆకలైంది, తాగినావు. దాంట్లో తప్పు లేదప్పా. పోయి సెప్పేసి రా."

"చెప్తే ఆయన తిరిగి వస్తాడా?" అన్నాను. గట్టిగా జవాబు చెప్పినట్టు అనిపించింది.

ఆయన తన కెమెరా సంచి సర్దుకున్నాడు. "ఆయన రాడు. బామర్ది ఇంకా బతికే ఉండాడు గదా" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నేనే పోయి సెప్పగలను. కానీ సెప్పాల్సింది నువ్వు" అని వెళ్లిపోయాడు. మళ్లీ నాతో పనిచేయలేదు. వీధిలో కనపడితే పలకరించేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు.

నా పనికి ఏమీ కాలేదు. ఇదే అన్నింటికంటే ఘోరం. ఆ నవ్వుతున్న ఫోటో చూసి ఇంకా నలుగురు నన్ను పిలిచారు. చాలా ఏళ్లు బాగా నడిచింది. ప్లాన్‌లో ఆడపిల్ల తల్లిదండ్రుల పేరు రాసేచోటికి రాగానే చేయి ఆగేది. ఆ తర్వాత రాసేవాడిని.

నేను ఆఖరుగా తీసిన పెళ్లి మదనపల్లెలో. పెళ్లికొడుకు వాళ్లు నన్ను మాట్లాడుకున్నారు. పెళ్లికూతురి తండ్రి పేరు రాసుకున్నాను గానీ, మనిషెవరో పట్టించుకోలేదు. మంటపంలోకి వెళ్లాక ఆమె తండ్రి ఎదురొచ్చాడు. ఆ మేనమామే. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి నిలబడిపోయాడు.

"నువ్వా" అన్నాడు. "సరే, రా అప్పా. పని చేసుకో."

ఆ పెళ్లిలో మేనత్త చేతుల మీదుగా జరగవలసిన వాటికి ఎవరో వరస కలిపి ఒకామెను నిలబెట్టారు. సొంత మేనత్త అంటే ఆయన అక్క. ఆమె గానీ, ఆమె కూతురు గానీ కుప్పం నుంచి రాలేదు. వాళ్లు రాలేదేమని ఎవరో అడిగారు. ఇంకెవరో అడిగినవాళ్ల నోరు మూయించారు. అదంతా నా కెమెరా ముందే జరిగింది.

ధార పోయడానికి పీటల మీద కూర్చున్నాక ఆయన వంటవాళ్లను కేక వేసి కాఫీ తెప్పించుకున్నాడు. స్టీలు గ్లాసు. పూజారి మంత్రం ఆపాడు. మేళం కూడా ఆగింది. పక్కన భార్య, "వద్దు, నా మాట వినండి" అంటోంది. ఆయన గ్లాసు ఎత్తి అందరికీ కనపడేటట్టు పట్టుకున్నాడు.

"అందరూ సూడండి. నేను తాగుతాండా. దీనికి ఏదన్నా అయితే నాకే కానీ." తర్వాత నావైపు తిరిగాడు. "అప్పా, ఫోటో తీయి."

నేను కెమెరా దించేశాను.

"తీయప్పా. ఆ పొద్దు సూడలేదంటివి. ఈ పొద్దన్నా సూడు."

తీశాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, పక్కన పెట్టి, ధార పోశాడు. ఏమీ కాలేదు. పిల్ల తాళి కట్టించుకుంది. జనం భోజనాలకు లేచారు. నేను లైట్లు విప్పలేక స్టాండు పట్టుకుని నిలబడ్డాను.

అందరూ తగ్గాక ఆయన దగ్గరకు వెళ్లాను. "తప్పు నాదే. ఆ రోజు గ్లాసు..." అని మొదలుపెట్టాను.

ఆయన చేయి అడ్డం పెట్టాడు. "నాకు యాల సెప్తావు? నాకు తెలిసిందే గదా. నువ్వు తాగినావో పారబోసినావో నేను సూడలా. కానీ నా బావ తాగలేదని నాకు తెలుసు. కుప్పం పో. మా అక్క ఆడ ఉండాది."

వారం తిరక్కుండానే కుప్పం పోయాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. హాల్లో గోడ మీద ఆ ఫోటో. తల వెనక్కి వాల్చి నవ్వుతున్న మనిషి, దండ. అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "రా అన్నా, కూర్చో" అంది. ఆమెకు అప్పటికి బడికి పోయే కూతురు ఉంది. తల్లి లోపలి నుంచి వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చాలా చిక్కిపోయింది. కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు. చెప్పేదాకా ముట్టకూడదనుకున్నాను.

చెప్పాను. రెండో ముహూర్తం దగ్గర నుంచి ఆసుపత్రి వరండా దాకా ఏదీ వదలలేదు. ఆయన చేయి చాచాడన్నది కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనే గదన్నా ఫోటో అడిగింది" అని ఒక్కసారి అంది. నేను కాదన్నాను. ఆమె వినిపించుకోలేదు.

తల్లి ముఖంలో ఏమీ లేదు. "ఇన్నేండ్లయినాక వచ్చి సెప్తే ఎట్ల నమ్మేదప్పా?" అంది. "వాడే నిన్ను పంపినాడేమో. మొన్న కూతురి పెండ్లికి నేను పోలేదని."

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. "అమ్మా, నేను తాగాను. అంతకంటే చెప్పడానికి నాకేమీ లేదు" అన్నాను.

ఆమె గోడ మీది ఫోటో వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"తియ్యగా ఉండిందా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. నాలుకకు గుర్తుంది. "చాలా తియ్యగా ఉండిందమ్మా. పాయసం మాదిరి. తాగాక పెదవులు అంటుకున్నాయి."

ఆమె కళ్లు మూసుకుంది. "రెండు సెంచాలు ఏయించినానక్కా అని మొత్తుకున్నాడు" అంది. "నేను అబద్ధమన్నాను. అందరి ముందర అన్నాను."

అమ్మాయి ఫోను తీసి మేనమామకు కలిపి తల్లి చేతికి ఇచ్చింది. అవతల మోగడం మాకు వినిపించింది. తర్వాత ఆయన గొంతు. "ఎవురూ?" ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. "ఎవురు? మాట్లాడండి" అన్నాడు ఆయన. వెనక మండీ గోల వినపడుతోంది. ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుంది. కొంతసేపటికి అది దానంతట అదే ఆగిపోయింది.

"ఏమని పిలిచేది వాణ్ని?" అంది ఎవరితోనూ కాకుండా.

నేను లేవబోయాను. అప్పుడు ఆమె నా ముందున్న గ్లాసు చూసింది. కాఫీ మీద మీగడ కట్టింది.

"తాగప్పా" అంది. గొంతులో కోపం లేదు. "ఇదన్నా నీకోసం పెట్టిందే."

తాగాను. ఇద్దరూ చూస్తుండగా, అడుగు కనపడేదాకా తాగాను.